రెండు బళ్ళలోనూ లేని మనిషి

"రూపా, ఆ డేకిసా అలాగే డిక్కీలో పెట్టకు. దారంతా మసాలా వాసన భరించలేం. ఒకసారి కడిగేసి పెట్టు."

ఇమ్మాన్యుయేల్ ఆ మాట ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నాడు. రూపవతి అప్పటికి యర్ట్ నేల ఊడ్చి, దుప్పట్లు మడిచి, స్టవ్ విప్పి డబ్బాలో సర్ది, చెత్త సంచులు కట్టి, అత్తగారి మాత్రల పెట్టె వెతికి ఆవిడ చేతిలో పెట్టి, అప్పుడే నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. యర్ట్ అంటే పార్కు వాళ్ళు అద్దెకిచ్చే గుండ్రటి గుడారం లాంటి గది. చెక్క నేల, రెండు వరసల మంచాలు, ఒక టేబుల్, నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం. వంట బయట, నీళ్ళు బయట, బాత్రూములు ఇంకాస్త అవతల. చుట్టూ పోప్లర్ చెట్లు, వాటి సందుల్లోంచి సరస్సు.

అసలు వాళ్ళు సోమవారం పొద్దుటిదాకా ఉండాలి. ఆగస్టు లాంగ్ వీకెండ్. కెనడాలోని విన్నిపెగ్‌లో ఈ వీకెండ్‌కి సరస్సు పక్కన గది దొరకడమంటే మాటలు కాదు. ఏప్రిల్‌లో బుకింగ్ తెరిచిన రోజు రూపవతి నైట్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది. స్క్రీన్ మీద క్యూ కదలదు, కళ్ళు మూసుకుపోతున్నాయి, మూసుకుపోతే నంబరు పోతుంది. బుగ్గలు గిల్లుకుంటూ కూర్చుని ఆ గది పట్టింది. ఆ ఆదివారం చర్చిలో ఇమ్మాన్యుయేల్ అందరితో చెప్పాడు: "ఈసారి యర్ట్ కొట్టేశాం బ్రదర్. టైం చూసి క్లిక్ చెయ్యాలి, అంతే." రూపవతి పక్కనే నిలబడి నవ్వింది. అలా నవ్వడం ఆమెకు బాగా అలవాటు.

శుక్రవారం సాయంత్రం వచ్చారు. ఇమ్మాన్యుయేల్, రూపవతి, పదకొండేళ్ళ కూతురు ఫెయిత్, నరసాపురం నుంచి వచ్చి ఆరునెలలుగా ఇక్కడే ఉన్న అత్తగారు సువార్తమ్మ. పక్క గదిలో చర్చి స్నేహితులు క్రిస్టఫర్, ఎమిలీ, వాళ్ళ పెద్దబాబు, చంటిబిడ్డ. శుక్రవారం రాత్రి చపాతీలు. శనివారం పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, కోడికూర. సాయంత్రం మగవాళ్ళిద్దరూ గాలాలు పట్టుకుని వెళ్ళి నాలుగు చేపలు తెచ్చి, పిల్లల పక్కన నిలబడి ఫొటోలు దిగి, వాటిని రూపవతి ముందు పేపరు మీద పెట్టారు. "నీ చేతి పులుసు లేకపోతే ఇంత కష్టపడి పట్టడం దండగ," అన్నాడు ఇమ్మాన్యుయేల్. అది పొగడ్తే. అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆయన మాటలన్నీ అలాగే ఉంటాయి, తిరిగి ఒక మాట అనడానికి ఎక్కడా సందు ఉండదు.

ఎమిలీ సాయం చేస్తానంటూనే ఉంది పాపం. కానీ చంటివాడు చంక దిగడు. దిగితే ఏడుపు. ఏడిస్తే, "ఒక్క నిమిషం పట్టుకో అక్కా," అని వాణ్ణి రూపవతి చేతికే ఇచ్చేది. ఒక చేత్తో పిల్లాడు, ఒక చేత్తో గరిట.

రూపవతికి ఒక్కటే ఆశ ఉండింది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీతో పెద్ద వంటలన్నీ అయిపోతాయి. రాత్రికి బ్రెడ్, పండ్లు అని ముందే చెప్పేసింది. ఆ సాయంత్రం ఒక కుర్చీ తీసుకెళ్ళి నీళ్ళ దగ్గర వేసుకుని కూర్చోవాలి. మూడు వేసవుల నుంచి ఈ పార్కుకి వస్తున్నా, ఆమెకు తెలిసింది పొయ్యి, కొళాయి, బాత్రూములకు వెళ్ళే గులకరాళ్ళ దారి. సరస్సు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఫెయిత్ తీసిన ఫొటోలు చూపిస్తుంది.

భోజనాలు అవుతుండగా క్రిస్టఫర్ ఫోన్ చూసి, "బ్రదర్, ఇవాళ క్రికెట్ ఫైనల్ ఉంది. ఇక్కడ సిగ్నల్ లేదు, ఏం చూస్తాం?" అన్నాడు. ఇమ్మాన్యుయేల్ చెయ్యి కడుక్కుంటూ, "మమ్మీకి కూడా దోమలు, నిద్ర లేదు. వెళ్ళిపోదాం, రేపు ట్రాఫిక్ కూడా తప్పుతుంది," అన్నాడు. అంతే, అయిపోయింది. రూపవతిని ఎవరూ అడగలేదు. అడగకపోవడంలో దురుద్దేశం లేదు. ఇంకో రాత్రి ఉండాలని ఆమెకు ఉంటుందని ఎవరికీ తోచలేదు, అంతే.

బయల్దేరే ముందు ఎమిలీ గొంతు తగ్గించి, "అక్కా, మా వ్యాన్‌లో రావా? దారంతా వీడు ప్రాణం తీస్తాడు," అంది. "చూద్దాంలే," అంది రూపవతి. అవతల్నుంచి సువార్తమ్మ, "అమ్మాయ్, వెనక సీట్లో నా పక్కన కూర్చో. కాళ్ళు లాగుతున్నాయి, కాస్త నొక్కుదువుగాని," అంది. "అలాగే అత్తయ్యా," అంది రూపవతి. ఇద్దరికీ ఒప్పుకుని, డేకిసా ఎత్తుకుని కొళాయి దగ్గరికి వెళ్ళింది.

కొళాయి దగ్గర ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం వాళ్ళు మాంసం కాల్చే గ్రిల్ కడుక్కుంటున్నారు. వాళ్ళయ్యేదాకా ఆగింది. డేకిసా అడుగున మాడు పట్టింది. చల్లటి నీళ్ళకి నెయ్యి వదల్లేదు, ఇసకేసి తోమింది. తను పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కూడా ఇంతే, అనుకుంది తోముతూ. అక్కడ ముసలివాళ్ళని పక్కకి తిప్పడం, తుడవడం, తినిపించడం. ఇంటికొస్తే అవే పనులు, మనుషులు మాత్రం వేరే. గుంటూరులో నర్సింగ్ చదివి మూడేళ్ళు ఆపరేషన్ థియేటర్లో చేసింది. ఇక్కడికొచ్చాక ముందు ఆయన పరీక్షలు, ఆయన ఉద్యోగం నిలదొక్కుకోవడం. ఆమె చదువు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చే ఏడాదే. 'రూపకి ఈ పనే సుఖంగా ఉంది, టెన్షన్ లేదు,' అని ఆయన నలుగురిలో చెప్పినప్పుడు, నిజమేనేమో అని ఆమె కూడా ఒక్కోసారి అనుకుంది.

తడి డేకిసా రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని వెనక్కి వచ్చేసరికి కారు లేదు. వ్యాన్ లేదు. గడ్డి మీద టైర్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

చెత్త పారేయడానికి గేటు దాకా వెళ్ళి ఉంటారు, అనుకుంది. నిలబడింది. తర్వాత, పెట్రోలుకి వెళ్ళి ఉంటారు, అనుకుంది. డేకిసాలోంచి నీళ్ళు కారి చుడీదార్ తడిసింది. తర్వాత, నన్ను ఆట పట్టిస్తున్నారు, అనుకుంది. ఇమ్మాన్యుయేల్‌కి అలాంటి సరదాలు లేవని తెలిసి కూడా. ఫోన్ కోసం చెయ్యి జాకెట్ జేబులోకి వెళ్ళింది. ఫోన్ క్రిస్టఫర్ పెద్దబాబు దగ్గర ఉంది, కార్టూన్లు చూస్తానంటే తనే ఇచ్చింది. గేటు దాకా వడివడిగా నడిచి వెళ్ళింది. అక్కడ బూత్‌లో కూర్చున్న కాలేజీ అమ్మాయి, అవును, రెండు బళ్ళు వెళ్ళాయి, చాలాసేపైంది, అని చెప్పింది. అప్పుడు అర్థమైంది. ఎమిలీ తను కారులో ఉందనుకుంది. చంటివాడి కోసం తను వ్యాన్ ఎక్కి ఉంటుందని అత్తగారు అనుకున్నారు.

మొదట వచ్చింది సిగ్గు. ఏడుపు కాదు, కోపం కాదు, సిగ్గు. ఆ గేటు అమ్మాయి ఏమనుకుంటుందో, కొళాయి దగ్గరి వాళ్ళు చూశారేమో. తప్పు చేసి బయట నిలబడ్డట్టు తలొంచుకుని మళ్ళీ యర్ట్ దగ్గరికి నడిచింది. మెట్టు మీద కూర్చుంది.

పక్క స్థలంలో, కారుకి తగిలించుకొచ్చే ట్రెయిలర్ ఇంటి ముందు ఒక పెద్దావిడ కూర్చుని పేకలు పరుచుకుంటోంది. పేరు డోరీన్. రెండు రోజులుగా వీళ్ళ వంటల వాసనకి తల ఊపి నవ్వుతోంది కానీ పేర్లు చెప్పుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు పేకలు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"మీ వాళ్ళు నిన్ను మర్చిపోయారా?" అని ఇంగ్లీషులో సూటిగా అడిగేసింది.

"లేదు లేదు, వస్తారు," అంది రూపవతి. ఆయన పరువు కాపాడాలని గొంతు తనంతట తనే తొందరపడింది.

డోరీన్ ఆమె మొహం వైపు, డేకిసా వైపు చూసింది. "రోడ్డు దాకా వెళ్తే ఫోన్ పనిచేస్తుంది. ఇదిగో తీసుకో. నంబరు గుర్తుందా?"

గుర్తుంది. పదేళ్ళుగా ప్రతి స్కూల్ ఫారం మీదా, ప్రతి క్లినిక్‌లోనూ ఆ నంబరు తనే రాసింది. రూపవతి చెయ్యి చాపింది. ఫోన్ వేళ్ళకి తగిలింది. ఇప్పుడు చేస్తే వాళ్ళు అరగంటలో వెనక్కి తిరిగి వస్తారు. "చెప్పాలి కదా రూపా" అంటారు. మళ్ళీ కారు ఎక్కి అత్తగారి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటుంది. అంతా సర్దుకుంటుంది. తను లేకపోవడం ఎవరికీ తెలియకుండానే సర్దుకుంటుంది.

"ఇప్పుడే వద్దండీ. తర్వాత," అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎందుకలా అందో ఆమెకే పూర్తిగా తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలనిపించింది. తను లేని సంగతి వాళ్ళకి ఎప్పుడు తెలుస్తుంది? దారిలో అత్తగారికి దాహం వేసినప్పుడా? చంటివాడు గుక్కపెట్టినప్పుడా? ఇంటికెళ్ళి టీ కావాలనిపించినప్పుడా? ఫెయిత్ అడుగుతుందా? ఎవరో ఒకరు ఉన్నట్టుండి, "రూప ఏదీ?" అంటారు కదా. ఆ 'ఏదీ' ఏ అవసరం వెనకాల వస్తుందో చూడాలి.

డోరీన్ ఒక మడత కుర్చీ తెచ్చి ఇచ్చి, "నీళ్ళ దగ్గర నీడ బాగుంటుంది," అని తన పేకల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సరస్సుకి అవతలి ఒడ్డు కనపడదు. గోధుమ రంగు నీళ్ళు. బందరు సముద్రంలా ఉప్పు వాసన లేదు. గాలి మాత్రం మైదానాల మీదుగా వచ్చి ఎక్కడా ఆగకుండా కొడుతుంది. తెల్ల పెలికన్లు వరసగా నీటిని ఆనుకుని ఎగురుతున్నాయి. ఒక కుర్రజంట చిన్న కయాక్ పడవని ఇసుక మీదుగా లాగుతూ నవ్వుకుంటోంది. రూపవతి కుర్చీ వేసుకుని అంచున కూర్చుంది. ఎవరైనా పిలిస్తే వెంటనే లేవడానికి వీలుగా. చెవులు ఊరుకోలేదు. ప్రతి కేకా 'రూపా' లాగే వినిపించింది. రెండుసార్లు సగం లేచింది. ఎవరో తమ కుక్కని పిలుస్తున్నారు. కాళ్ళ దగ్గర ఎవరో పారేసిన చిప్స్ కవరు కనిపిస్తే వంగి తీసి, పక్కనే ఉన్న బాటిల్ కూడా తీసి, చెత్తబుట్టలో వేసి వచ్చింది. మళ్ళీ కూర్చుంటూ, ఇది నా పని కాదు కదా, అనుకుంది. ఆ మాటకి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

నెమ్మదిగా వెనక్కి వాలింది. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

తన ఇంట్లో ఆమెది ముక్కల నిద్ర. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే పదింటికి అత్తగారి కాఫీ, ఒంటిగంటకి భోజనం, మూడున్నరకి బడి నుంచి ఫెయిత్. ప్రతిదానికీ బెల్లు, తలుపు, పిలుపు. 'పగలు పడుకునే ఆడది ఇంటికి అచ్చిరాదు,' అని సువార్తమ్మ ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే గోడ అవతల నుంచి విన్నది. రాత్రంతా పడుకోలేదన్న మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఇక్కడ ఈ గాలిలో, ఈ మడత కుర్చీలో, నోరు తెరుచుకుని, మెడ ఒకపక్కకి వాల్చి పడుకుంది. ఎవరూ లేపలేదు. నిద్ర తీరిపోయాక తనంతట తనే కళ్ళు తెరిచింది. నీడ తన మీద నుంచి జరిగిపోయి ఉంది. ఒక్క క్షణం ఎక్కడున్నదీ, ఎవరికి ఏం చెయ్యాలో గుర్తురాలేదు. ఆ క్షణం ఎంత బాగుందంటే, అది అయిపోయాక కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

వాళ్ళు ఇంకా రాలేదు. ఈపాటికి ఇల్లు చేరే ఉంటారు. అంటే దారిలో ఎవరూ అడగలేదు.

ఆ మాట గుండెలో దిగేదాకా అలాగే కూర్చుంది. నొప్పి అనుకున్నంత కొత్తగా లేదు. ఎప్పటినుంచో ఉన్నదే, ఇవాళ దానికొక పేరు దొరికింది. లేచి, చెప్పులు విప్పి, నీళ్ళలోకి నడిచింది. పిక్కలదాకా, మోకాళ్ళదాకా. ఎంత దూరం నడిచినా లోతు లేదు. తడిసిన చుడీదార్ కాళ్ళకి చుట్టుకుంది. నీళ్ళు పైన వెచ్చగా, కింద చల్లగా ఉన్నాయి. ఈ సంగతి మూడు వేసవులుగా తనకి తప్ప అందరికీ తెలుసు.

కారు వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా వాలింది. రూపవతి యర్ట్ మెట్టు మీద కాళ్ళు ఆరబెట్టుకుంటోంది. ఇమ్మాన్యుయేల్ ఇంజన్ ఆపకుండానే దిగాడు. వెనక సీట్లో సువార్తమ్మ తల వెనక్కి వాల్చుకుని ఉంది. ముందు సీట్లో ఫెయిత్, టీషర్ట్ మీద గులాబీరంగు ఐస్‌క్రీమ్ మరక.

"ఏంటి రూపా ఇది! వెళ్ళేటప్పుడు చెప్పాలి కదా!"

"ఏమని?"

"గిన్నె కడగడానికి వెళ్తున్నానని."

"కడగమన్నది మీరే."

"సరే, ఏదో పొరపాటు. ఎమిలీ నువ్వు మా కారులో ఉన్నావనుకుంది, మేం వాళ్ళ వ్యాన్‌లో అనుకున్నాం. మేమెంత కంగారు పడ్డామో తెలుసా? ఫోనన్నా చెయ్యొచ్చుగా ఎవరిదన్నా అడిగి?"

"ఎప్పుడు తెలిసింది?"

"ఏంటి?"

"నేను లేనని మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇమ్మాన్యుయేల్ కారు వైపు చూశాడు. ఫెయిత్ తలుపు తీసుకుని దిగుతూ, "ఎట్ హోమ్," అంది. "డోర్ లాక్ అయి ఉంది. డాడ్ దగ్గర కీ లేదు. సో హీ కాల్డ్ ఎమిలీ ఆంటీ." తర్వాత గొంతు చిన్నది చేసి, "ఐ ఆస్క్‌డ్, అమ్మా. దారిలో అడిగా. వ్యాన్‌లో ఉన్నావని చెప్పారు," అంది.

రూపవతి చెయ్యి జాకెట్ జేబులోకి వెళ్ళింది. ఇంటి తాళంచెవి అక్కడే ఉంది. ఆ ఇంటికి ఉన్న తాళంచెవి అదొక్కటే. ఇంకోటి చేయించుకోండి అని ఎన్నిసార్లు అన్నా, 'నాకెందుకు, ఇంట్లో నువ్వుంటావు కదా,' అనేవాడు. తీసి అతని ముందు పట్టుకుంది. కారు దిగినప్పటి నుంచి బిగుసుకుని ఉన్న అతని మొహం ఆ తాళంచెవిని చూశాక సడలింది. తనని చూసినప్పుడు సడలలేదు. అది ఆమె చూసింది.

"హమ్మయ్య," అన్నాడు తీసుకుంటూ. "ఎక్కు. త్వరగా వెళ్తే సెకండ్ ఇన్నింగ్స్ అయినా దొరుకుతుంది."

"మీరు వెళ్ళండి."

"అంటే?"

"ఈ గది రేపు పదకొండు దాకా మనదే. నేను ఇవాళ ఇక్కడే ఉంటాను. రేపు వచ్చి తీసుకెళ్ళండి."

అతను నవ్వబోయి, ఆమె నవ్వట్లేదని చూసి ఆగాడు. "పిచ్చా రూపా? కోపం వచ్చిందా? సారీ చెప్పాను కదా."

చెప్పలేదు. ఆ సంగతి గుర్తుచేసే ఓపిక కూడా ఆమెకు లేదు. "కోపం కాదండీ. అలిసిపోయాను."

"ఇంటికెళ్ళి పడుకుందువుగాని!"

"ఇంట్లో నాకు పడుకోవడం కుదరదు."

ఆ మాట గట్టిగా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. అతను నలుగురూ ఏమంటారని మొదలుపెట్టి, ఇక్కడ వినే నలుగురూ లేక ఆగిపోయాడు. "రాత్రికి మమ్మీకి, పిల్లకి తిండి?" అన్నాడు చివరికి.

"ఫ్రిజ్‌లో పెరుగు కింద అరలో..." అని నోరు దానంతటదే మొదలుపెట్టింది. రూపవతి ఆపేసింది. "చూసుకోండి," అంది.

వెనక సీట్లో అద్దం దిగింది. సువార్తమ్మ మొహం వాడిపోయి ఉంది. ఆవిడ కోడల్ని చూసింది, తడిసిన చుడీదార్ చూసింది, తెరిచిన యర్ట్ తలుపు చూసింది.

"తాళం ఇచ్చిందిగా," అంది సువార్తమ్మ కొడుకుతో. "ఇక పద. ఆ దుప్పటొకటి తీసి దానికివ్వు, రాత్రికి చలేస్తుంది."

కాళ్ళ నొప్పికి అలా అందో, మరెందుకైనా అందో రూపవతికి ఎప్పటికీ తెలియలేదు. ఇమ్మాన్యుయేల్ డిక్కీ తెరిచి దుప్పటి తీసి మెట్టు మీద పెట్టాడు. పక్కనే ఉన్న డేకిసా వైపు చూశాడు. దాన్ని ఎవరు ఎత్తాలో తెలియనట్టు కాసేపు నిలబడి, తనే ఎత్తి డిక్కీలో పెట్టుకున్నాడు.

ఫెయిత్ కదల్లేదు. "కెన్ ఐ స్టే విత్ యూ?" అంది.

ఇది అన్నిటికన్నా కష్టమైంది. మిగతా వాళ్ళకి వద్దని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. కూతురికి కూడా చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. ఉండమంటే పిల్లకి ఆకలేస్తుంది, చలేస్తుంది, చీకట్లో బాత్రూముకి తోడు కావాలి. అవన్నీ ప్రేమగానే చేస్తుంది. చేస్తూ తెల్లవారుతుంది. రూపవతి కూతురి తల దగ్గరికి లాక్కుని, వెంట్రుకల్లో మొహం పెట్టి, ఐస్‌క్రీమ్ తీపి వాసన పీల్చి, వదిలింది.

"ఇవాళ కాదు, బంగారం. రేపు నాన్నతో రా, ఇద్దరం నీళ్ళలోకి వెళ్దాం. ఇవాళ నేనొక్కదాన్నే ఉంటాను."

ఫెయిత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ మారాం చెయ్యలేదు. కారు దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"బట్ వాట్ విల్ యూ డూ హియర్, అమ్మా? ఆల్ బై యువర్‌సెల్ఫ్?"

"ఏమీ చెయ్యను," అంది రూపవతి.